వయసు మళ్లిన కుక్కకు మూర్ఛ వస్తే ముందు చక్కెర చూడండి

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు కుక్కల్లో మూర్ఛ గురించి ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రేబిస్, డిస్టెంపర్, తలకు తగిలిన దెబ్బలు, విషపదార్థాలు, వంశపారంపర్యంగా వచ్చే మూర్ఛ అంటూ కారణాలను వ్యాసకర్త ఓపికగా వివరించారు. రాసినదాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు. అయితే, తొమ్మిది పదేళ్ల వయసులో మొట్టమొదటిసారి మూర్ఛ వచ్చిన కుక్కకు అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్ష, ఐదు నిమిషాల్లో ఫలితం తెలిసే పరీక్ష ఒకటుంది. అది రక్తంలో చక్కెర పరీక్ష. దాని గురించి వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. ఆ పరీక్ష సకాలంలో జరగక మా కుక్క నాలుగు నెలలు దానికి పనికిరాని మందులు మింగింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది హనుమకొండ. జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మా మల్లి లాబ్రడార్ జాతి ఆడకుక్క. దానికి తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒక తెల్లవారుజామున మేడ మెట్లు దిగబోతూ వెనక కాళ్లు రెండూ పట్టు తప్పి మెట్టు మీదే చతికిలబడింది. వయసు వల్ల వచ్చిన కీళ్ల నొప్పులనుకున్నాం. పది రోజుల తరువాత, పాల ప్యాకెట్ల కోసం తలుపు తీసేసరికి, వరండాలో పక్కకు ఒరిగి నాలుగు కాళ్లూ కొట్టుకుంటూ కనిపించింది. నోటి వెంట నురగ వస్తోంది, కింద మూత్రం మడుగు కట్టింది. పక్కింటావిడ పరుగున వచ్చి ఇనుప తాళాల గుత్తి దాని కాలి దగ్గర పెట్టారు. వీధిలో ఒకరిద్దరు పిచ్చి పట్టిందేమోనని పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. వారి భయాన్ని నేను తప్పుపట్టను, మన ఊళ్లలో రేబిస్ నిజమైన ప్రమాదమే. ఏటా టీకా వేయించిన కాగితాలు తెచ్చి చూపించాక గాని ఎవరూ గేటు దగ్గరికి రాలేదు.

చూపించిన వైద్యుడు మూర్ఛ అని నిర్ధారించి ఫినోబార్బిటోన్ బిళ్లలు రాశారు. రెండు వారాలు బాగానే గడిచాయి. మందు పనిచేస్తోందని సంతోషించాం. అసలు జరిగింది వేరని తరువాత తెలిసింది. ఆ మందు వల్ల కుక్కకు ఆకలి బాగా పెరుగుతుంది. అది గిన్నె దగ్గర నిలబడి అడుగుతుంటే జాలిపడి నేను రాత్రి పడుకోబోయే ముందు కూడా కొంత అన్నం పెట్టడం మొదలుపెట్టాను. మూర్ఛలను ఆపింది బిళ్ల కాదు, ఆ రాత్రి అన్నం. బరువు పెరుగుతోందని ఆ అన్నం మానిపించిన వారంలోనే తెల్లవారుజాము మూర్ఛలు మళ్లీ మొదలయ్యాయి. మందు మోతాదు పెంచారు. అడుగులు మరింత తడబడ్డాయి, అది మందు ప్రభావమేనని సరిపెట్టుకున్నాం.

ఈ మధ్యలో ఒకసారి రక్త పరీక్షలన్నీ చేయించాం. పొద్దున పది గంటలకు తీసిన రక్తం మనుషులకు పరీక్షలు చేసే ల్యాబుకు మధ్యాహ్నం దాటాక చేరింది. రిపోర్టులో చక్కెర 46 అని వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు పరగడుపున సుమారు 70 నుంచి 110 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. రక్తం ఆలస్యంగా చేరింది కాబట్టి ఈ అంకెను పట్టించుకోనక్కర్లేదని వైద్యుడు ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు. ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది. గొట్టంలో నిలవ ఉన్న రక్తంలోని ఎర్రకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి, గది వేడిలో గంటకు ఐదు నుంచి ఏడు శాతం దాకా తగ్గిపోవచ్చు. కాని లెక్క వేసి చూస్తే, నాలుగు గంటల్లో తరిగేది దాదాపు నాలుగో వంతు. తొంభై ఉన్నది అరవై ఐదు, డెబ్భైకి దిగుతుంది గాని నలభై ఆరుకు పడిపోదు. తెల్లకణాలు విపరీతంగా పెరిగిన రక్తంలోనైతే ఇంకా తగ్గవచ్చు, మల్లికి ఆ లెక్క మామూలుగానే ఉంది. అంకె మీద అనుమానం వస్తే అప్పటికప్పుడు ఇంకో చుక్క రక్తం తీసి చూడాలి. ఆ పని ఆయన చేయలేదు, చేయమని నేనూ అడగలేదు.

అసలు విషయం బయటపెట్టింది మా వంటింటి క్యాలెండరు. పాల లెక్క రాసుకునే గడుల్లోనే మల్లి పడిపోయిన రోజులకు ఎర్ర గుర్తు పెట్టి పక్కన వేళ రాసేదాన్ని. మూడో నెల ముగిసేసరికి గుర్తులు పదిహేడు అయ్యాయి. పద్నాలుగు ఉదయం నాలుగున్నర, ఆరున్నర మధ్య వచ్చినవి. మిగిలిన మూడింట్లో రెండు సాయంత్రం నడకకు తీసుకువెళ్లి మెట్లెక్కించినప్పుడు, ఒకటి ఊరి నుంచి మా అమ్మాయి వచ్చిందని గంతులేసినప్పుడు వచ్చాయి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, ఒంటికి శ్రమ కలిగినప్పుడు, ఉద్వేగం కలిగినప్పుడు తప్ప వేరే వేళల్లో అది ఎన్నడూ పడిపోలేదు.

మరో ఆసుపత్రిలో కొత్తగా చేరిన యువ వైద్యురాలు ఆ క్యాలెండరును మొదటి నెల నుంచి చివరిదాకా చదివారు. చదివి, రాత్రి తిండి పెట్టకుండా మర్నాడు పొద్దున్నే తీసుకురమ్మన్నారు. తెచ్చిన వెంటనే మల్లి చెవి అంచున సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం షుగర్ మిషన్ పట్టీ మీద పెట్టారు. 38 చూపించింది. అప్పటికే దాని మెడ కండరాలు సన్నగా వణుకుతున్నాయి, పిలిస్తే మా వైపు కాకుండా గోడ వైపు చూస్తోంది. ఆమె తేనె సీసా తీసి వేలితో దాని పై పెదవి లోపల, చిగుళ్ల మీద రాశారు. గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగు నిమిషాలకు మల్లి లేచి నిలబడింది, ఏడో నిమిషానికి తోక ఊపుతూ ఆమె జేబు వాసన చూసింది. లక్షణాలు ఉండటం, ఆ సమయంలో చక్కెర తక్కువగా ఉండటం, చక్కెర అందగానే లక్షణాలు పోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే దాన్ని విపుల్ త్రయం అంటారని ఆమె చెప్పారు. అలెన్ విపుల్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు 1930లలో మనుషుల కోసం చెప్పిన సూత్రం అది. మా మల్లి విషయంలో అక్షరాలా సరిపోయింది.

నా మనసును ఎక్కువగా బాధపెట్టే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. మావారికి ఇరవై ఏళ్లుగా మధుమేహం, ఇన్సులిన్ తీసుకుంటారు. ఆయనకు చెమటలు పట్టి, మాట తడబడి, చేతులు వణికితే షుగర్ డౌన్ అయిందని మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు, గ్లూకోజు పొడి కలిపి ఇస్తారు. మల్లికి దాదాపు అలాంటి లక్షణాలే వచ్చాయి. ఆయన షుగర్ మిషన్ వరండా పక్కనే అల్మరా సొరుగులో ఉంది. నాలుగు నెలల్లో ఒక్కసారైనా దాన్ని తీసి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

మల్లికి ఉన్నది ఇన్సులినోమా, అంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల నుంచి పుట్టిన కణితి. క్లోమంలో ద్వీపాల్లాగా అక్కడక్కడా గుంపులుగా ఉండే కణాలను 1869లో పాల్ లాంగర్‌హాన్స్ బెర్లిన్‌లో విద్యార్థిగా ఉండగానే వర్ణించాడు. లాంగర్‌హాన్స్ పుటికలని మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నవి అవే. వాటి బొమ్మను ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద గీశాను. ఆరోగ్యంగా ఉన్న బీటా కణం రక్తంలో చక్కెర తగ్గగానే ఇన్సులిన్ విడుదల ఆపేస్తుంది. కణితిలోని కణానికి ఆ అదుపు ఉండదు, చక్కెర ఎంత పడిపోయినా ఇన్సులిన్‌ను వదులుతూనే ఉంటుంది. మెదడు ప్రధానంగా గ్లూకోజు మీదే ఆధారపడిన అవయవం కనుక దెబ్బ ముందు దానికే తగులుతుంది. నీరసం, తూలడం, వెనక కాళ్ల బలహీనత, వణుకు, అయోమయం, చివరికి మూర్ఛ అన్నీ అందువల్ల వచ్చేవే. ఒక్కోసారి అన్నం తిన్న కాసేపటికి కూడా పడిపోవచ్చు, ఎందుకంటే తిండితో పెరిగిన చక్కెరను చూసి కణితి మరింత ఇన్సులిన్ వదులుతుంది.

ఈ గ్రంథి చరిత్రలో కుక్కల పాత్ర గురించి రెండు మాటలు రాయకుండా ఉండలేను. 1889లో మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అనే పరిశోధకులు ఒక కుక్క క్లోమాన్ని తొలగించి చూడడం వల్లే ఆ అవయవానికీ మధుమేహానికీ ఉన్న సంబంధం లోకానికి తెలిసింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు ఇన్సులిన్‌ను వేరుచేసి పరీక్షించింది కూడా కుక్కల మీదే. మావారు ఇవాళ బతికి ఉన్నారంటే అందులో ఆ కుక్కల రుణం ఉంది. మనుషుల్లో ఇన్సులిన్ తయారుచేసే కణితిని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1927లో ప్రకటించారు. కుక్కలో అలాంటి కణితి గురించి 1935 నాటికే వైద్య పత్రికలో వచ్చింది. తొంభై ఏళ్లుగా తెలిసిన జబ్బు ఇది.

మనిషికీ కుక్కకూ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. మనుషుల్లో ఈ కణితులు పదింట తొమ్మిది ప్రమాదం లేనివి, తీసేస్తే నయమైపోతాయి. కుక్కల్లో అందుకు విరుద్ధంగా పదింట తొమ్మిదికి పైగా క్యాన్సర్ స్వభావం ఉన్నవే. జబ్బు బయటపడే నాటికి దాదాపు సగం కుక్కల్లో అది దగ్గరలోని శోషరస గ్రంథులకో (లింఫ్ నోడ్లకో) కాలేయానికో పాకి ఉంటుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, బాక్సర్ వంటి మధ్యస్థ, పెద్ద జాతుల్లో, నడివయసు దాటాక ఎక్కువగా కనిపిస్తుంది. ఈ జాతుల్లో చాలా భాగం మన పట్టణాల్లో ఇంటింటా పెంచుతున్నవే. పిల్లుల్లో ఇది అరుదు. అమెరికాలో పెంచుకునే ఫెరెట్ అనే ముంగిసలాంటి చిన్న జంతువులో మాత్రం చాలా తరచుగా వస్తుంది, వాటిలో ఇతర అవయవాలకు పాకడం తక్కువ. అక్కడ స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో పిల్లలు ఫెరెట్లను పెంచుతుంటే, అది మత్తుగా పడి ఉండి నోటి వెంట చొంగ కారుస్తూ, ముందు కాళ్లతో మూతిని గీరుకుంటుంటే చక్కెర చూపించవలసిందే.

మల్లికి రోగనిర్ధారణ ఒక్క చుక్క రక్తంతో పూర్తి కాలేదు. మనుషుల కోసం తయారైన షుగర్ మిషన్లు కుక్క రక్తంలో ఉన్నదానికంటే కొంత తక్కువ చూపిస్తుంటాయి కాబట్టి బూడిదరంగు మూత ఉన్న, ఫ్లోరైడ్ కలిపిన గొట్టంలో రక్తం తీసి ల్యాబులో సరిచూశారు. ఆ గొట్టంలో ఉంటే చక్కెర అంతగా తరగదు. అదే సమయంలో తీసిన రక్తంలో ఇన్సులిన్ కూడా చూశారు. అది సాధారణ పరిమితిలోనే ఉందని వచ్చేసరికి నేను ఊరట పొందాను. ఆ వైద్యురాలు నా పొరపాటును సరిదిద్దారు. చక్కెర నలభై దగ్గర ఉన్నప్పుడు ఇన్సులిన్ దాదాపు కనిపించకుండా పోవాలి, ఆ వేళ అది సాధారణంగా ఉండటమే జబ్బుకు సాక్ష్యం. అందుకే ఇన్సులిన్‌ను చక్కెర అరవైకి దిగువన ఉన్న క్షణంలోనే, రెండింటినీ ఒకే రక్తంలో చూడాలి. తిండి పెట్టి తీసుకువెళ్లిన కుక్కలో రెండూ మామూలుగానే కనిపించి జబ్బు తప్పించుకోవచ్చు. ఉపవాసం ఉంచడం కూడా ఆసుపత్రిలో, గంట గంటకూ చక్కెర చూస్తూ జరగవలసిన పని, ఇంట్లో సొంతంగా చేయకూడదు. మేము మల్లిని రాత్రంతా పస్తు పెట్టి ఆటోలో తీసుకువెళ్లడం ప్రమాదకరమైన పనేనని ఆ వైద్యురాలే తరువాత ఒప్పుకున్నారు.

అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనబడలేదు. ఈ కణితులు చిన్నవి కావడంతో అలా తరచుగా జరుగుతుందట. సీటీ స్కాన్‌లో క్లోమం ఎడమ భాగంలో బఠాణీ గింజంత ముద్ద కనిపించింది. శస్త్రచికిత్సకు ముందు రాత్రంతా సెలైన్‌లో గ్లూకోజు కొద్దికొద్దిగా ఎక్కించారు. పొట్ట తెరిచాక సర్జన్ క్లోమాన్ని చివరి నుంచి చివరిదాకా వేళ్లతో మృదువుగా తడిమి చూసి, ముద్ద ఉన్న భాగాన్ని, దాని పక్కన ఉబ్బిన ఒక శోషరస గ్రంథిని తొలగించారు. బయాప్సీలో రెండింట్లోనూ జబ్బు ఉన్నట్టు తేలింది. అయినా మల్లి పది నెలలు మూర్ఛ లేకుండా, మెట్లెక్కి మేడ మీద ఎండలో పడుకుంటూ తిరిగింది. తిరిగి చక్కెర తగ్గడం మొదలైనప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందుతో మరో నాలుగు నెలలు గడిపింది. డయాజోక్సైడ్ అనే మందు రాసిచ్చారు గాని మా ఊళ్లో ఏ మందుల దుకాణంలోనూ దొరకలేదు. శస్త్రచికిత్స చేయించిన కుక్కలు చాలావరకు ఏడాది, అంతకు మించి బతుకుతాయని, కొన్ని రెండు మూడేళ్లు కూడా గడుపుతాయని, మందులతోనే నెట్టుకొస్తే ఎక్కువగా నెలల లెక్కేనని వైద్యులు చెబుతారు. నాలుగు నెలలు ముందుగా తెలిసి ఉంటే ఆ శోషరస గ్రంథి శుభ్రంగా ఉండేదా అన్న ప్రశ్నకు నాకు సమాధానం దొరకదు.

ఇంటివారు చేయగలిగిన ప్రథమ చికిత్స గురించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతో చేసిన పని కూడా ఇక్కడ చెడుపు చేస్తుంది. మూర్ఛలో ఉన్న కుక్క దంతాల మధ్య వేలు పెట్టకూడదు, స్పృహలో లేని కుక్క నోట్లో నీళ్లు గాని పాలు గాని పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేనె గాని చిక్కటి పంచదార పాకం గాని పెదవి లోపలి వైపు, చిగుళ్ల మీద కొద్దిగా రాయాలి. కుక్క తేరుకోగానే కొంచెం మామూలు తిండి పెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చక్కెర లేని తీపి పదార్థాలని అమ్మేవాటిని పొరపాటున కూడా వాడవద్దు. వాటిలో కొన్నింట్లో ఉండే జైలిటాల్ కుక్క క్లోమం చేత ఒక్కసారిగా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది, ఆరోగ్యంగా ఉన్న కుక్కనైనా గంటలోపే పడగొట్టగలదు. ఇక చక్కెర తక్కువైంది కదా అని రోజూ బెల్లం ముక్క, బిస్కెట్లు, తీపి పాలు పెట్టడం మరో పొరపాటు. తీపి తగలగానే కణితి రెచ్చిపోయి ఇన్సులిన్ వదులుతుంది, చక్కెర పెరిగినంత వేగంగా మునుపటికంటే దిగువకు పడిపోతుంది. మల్లికి మేము రోజుకు ఐదుసార్లు, చివరిది రాత్రి పదకొండు గంటలకు, ఉడికించిన కోడిమాంసం, గుడ్లు, కొద్దిగా జొన్న సంకటి కలిపి చిన్న చిన్న ముద్దలుగా పెట్టేవాళ్లం. నడక తగ్గించాం, మా అమ్మాయి వచ్చే రోజున ముందుగానే తిండి పెట్టి ఉంచేవాళ్లం.

చక్కెర తగ్గిన ప్రతి కుక్కకూ ఈ కణితే ఉంటుందని నా ఉద్దేశం కాదు. కాలేయ వ్యాధులు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు, అడ్రినల్ గ్రంథి లోపం, చిన్న కుక్కపిల్లలు పస్తులుండటం, ఇలా కారణాలు ఇంకా ఉన్నాయి. వాటిని తేల్చుకోవడం వైద్యుల పని. చక్కెర తగ్గిందన్న సంగతి ముందు తెలియాలన్నదే నా మనవి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తమ బోధనాసుపత్రుల్లో మూర్ఛతో వచ్చిన ప్రతి జంతువుకూ మొదటి సూదికి ముందే చక్కెర చూడాలన్న నియమాన్ని గట్టిగా పాటింపజేసి, విద్యార్థులకు అలవాటు చేస్తే, వారు పల్లెలకు, పట్టణాలకు వెళ్లినప్పుడు ఆ అలవాటు వారితోపాటు వెళుతుంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాల్లో, జిల్లా పశువైద్యశాలల్లో ఒక షుగర్ మిషన్, పట్టీల డబ్బా, నాలుగు బూడిదరంగు మూతల గొట్టాలు ఉంచడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు. కుక్కల రక్తం తీసుకునే ల్యాబులు తీసిన వేళను, చేరిన వేళను రిపోర్టు మీద రాయాలి. ఆ రెండు వేళలు పక్కపక్కనే కనిపించి ఉంటే మల్లి రిపోర్టులోని 46ను ఎవరైనా నాలాగే లెక్క కట్టి చూసేవారు.

వ్యాసం రాసినవారు మళ్లీ రాసేటప్పుడు ఈ విషయాన్ని చేర్చాలని కోరుతున్నాను. మల్లి క్యాలెండరులోని మూడు నెలల కాగితాలకు ఫొటోలు తీసి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. ఎన్ని గంటలకు తిన్నది, ఎన్నింటికి పడిపోయింది, ఎంతసేపటికి లేచింది అన్నవి వాటిలో ఉన్నాయి. స్థలం అనుమతిస్తే ఒక కాగితాన్నయినా అచ్చువేయండి, వైద్యుడి దగ్గరికి వెళ్లే ముందు ఏం రాసుకోవాలో కుక్కలు పెంచేవారికి దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
హనుమకొండ